నేటి ధూళి.. ముప్పయ్యేళ్లకు క్యాన్సర్

ఆస్బెస్టాస్‌తో ఊపిరితిత్తులకు ముప్పు
రేకులు కోసేవారు, లైనర్లు అరగదీసేవారు జాగ్రత్తపడాలి
జబ్బు తేలేనాటికి పని వివరాలు మరుగు

విజయవాడ: కృష్ణా డెల్టాలో తాటాకు కప్పు పోయి సిమెంటు రేకు రావడమంటే ఒకప్పుడు ఆ కుటుంబం నిలదొక్కుకున్నదని గుర్తు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచెత్తినప్పుడు వేలాది పూరిళ్లు ఆనవాలు లేకుండా పోయాయి. తాటాకుకు గాలి భయం, నిప్పు భయం, ఏడాది రెండేళ్లకోసారి తిరగనేసే ఖర్చు తప్పవు. ఇనుప రేకు ఉప్పుగాలికి తుప్పు పడుతుంది. సిమెంటు రేకుకు ఈ బాధలు లేవు, ధరా తక్కువే. అందుకే అది ఇళ్ల మీదికీ, కోళ్లఫారాల మీదికీ, రైసు మిల్లుల గోదాముల మీదికీ, బడుల వరండాల మీదికీ వ్యాపించింది.

ఆ రేకుకు బలాన్నిచ్చేది అందులో కలిపే ఆస్బెస్టాస్ పోగు. ఇల్లు కట్టే గోడలో ఇటుకకు సున్నం ఎలాగో సిమెంటుకు ఈ పోగు అలా పట్టునిస్తుంది. ఇదే పోగు గాలిలో కలిసి ఊపిరితిత్తుల్లో చేరితే క్యాన్సర్‌కు దారితీస్తుందని 1955 నాటికే గణాంకాలతో సహా తేలింది. అయినా నేటికీ ఈ విషయం సామాన్యునికి అందకపోవడానికి ప్రధాన కారణం ఒకటే. పీల్చిన నాటికీ, జబ్బు బయటపడే నాటికీ నడుమ 20 నుంచి 40 ఏళ్ల వ్యవధి ఉంటుంది. అప్పటికి పనిచేసిన షెడ్డు మూతపడి ఉంటుంది, మేస్త్రి గతించి ఉంటాడు, రోగికే ఆ ధూళి గుర్తుండదు. వైద్యుడు పొగ తాగుతావా అని అడుగుతాడు. ఏ పని చేశావని అడగడం అరుదు.

రాయిలో నార

ఆస్బెస్టాస్‌ను తెలుగులో రాతినార అంటారు. పేరుకు తగినట్లే ఇది నారలా చీలే ఖనిజం. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలోని రాతి పొరల్లో తెల్ల ఆస్బెస్టాస్ లభించడంతో అక్కడ దశాబ్దాల పాటు గనులు సాగాయి. ఆస్బెస్టాస్ గనులకు కొత్త లీజులివ్వడాన్ని కేంద్రం 1986లోనూ, పాత లీజుల పునరుద్ధరణను 1993లోనూ నిలిపివేసింది. ఆరోగ్య కారణాలతో తవ్వకానికి అడ్డుకట్ట వేసిన దేశమే విదేశాల నుంచి అదే ఖనిజాన్ని దిగుమతి చేసుకుని రేకులు తయారు చేయడం గమనార్హం. రష్యా, కజకస్థాన్, బ్రెజిల్ దేశాల నుంచి అది ఓడల్లో వస్తోంది. ప్రస్తుత ఎన్టీఆర్ జిల్లాలోని ఇబ్రహీంపట్నం, కొండపల్లి ప్రాంతం సిమెంటు రేకుల తయారీకి చిరకాలంగా పేరున్నదే.

ఈ ఖనిజంలో ప్రధానంగా రెండు తెగలున్నాయి. తెల్లది వంకీలు తిరిగి మెత్తగా ఉంటుంది. నీలం, గోధుమ రంగు రకాలు సూదుల్లా నిటారుగా ఉంటాయి. మీసోథీలియోమా అనే మరో క్యాన్సర్ విషయంలో సూది రకాలు మరింత ప్రమాదకరమైనవి. తెల్లది ఊపిరితిత్తుల నుంచి కొంత త్వరగా తొలగిపోతుంది కనుక హాని లేదన్నది పరిశ్రమ వర్గాల చిరకాల వాదన. త్వరగా తొలగడం వేరు, హాని లేకపోవడం వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తెల్లదానితో సహా అన్ని రకాల ఆస్బెస్టాస్‌నూ మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవిగా మొదటి వర్గంలో చేర్చింది. 2012లో వెలువరించిన సంపుటంలో ఊపిరితిత్తులు, వాటి పొరతో పాటు స్వరపేటిక, అండాశయ క్యాన్సర్లకూ ఇది కారణమని పేర్కొంది.

లోపల జరిగేది

కంటికి కనిపించే దుమ్ము ముక్కులోనో గొంతులోనో చిక్కి కళ్లెతో బయటికి పోతుంది. ప్రమాదం కంటికి కనిపించని పోగుతోనే. మిల్లీమీటరులో వెయ్యో వంతును మైక్రాను అంటారు. 3 మైక్రాన్ల కన్నా సన్నగా, 5 మైక్రాన్ల కన్నా పొడవుగా ఉన్న పోగు గాలితో పాటు ఊపిరితిత్తుల చివరి గాలి గదుల దాకా చేరుతుంది. అక్కడ కాపలా ఉండే రక్షక కణం దానిని మింగబోతుంది. పోగు కణం కన్నా పొడవు కావడంతో మింగుడు పడదు. సగం మింగిన స్థితిలో ఆ కణం ఘాటైన రసాయనాలను విడుదల చేసి తానూ నశిస్తుంది. మరో కణం వస్తుంది, దానికీ అదే గతి. ఏళ్ల తరబడి సాగే ఈ పోరులో చుట్టుపక్కల కణజాలం మచ్చపడి గట్టిపడుతుంది. ఇదే ఆస్బెస్టాసిస్. ఊపిరితిత్తి సాగే గుణం కోల్పోవడంతో మెట్లెక్కితే ఆయాసం వస్తుంది.

ఆ రసాయనాల తాకిడికి కణాల్లోని జన్యుపదార్థం కూడా దెబ్బతింటుంది. దెబ్బతిన్న కణం సరిచేసుకోలేక, చావక, అదుపు తప్పి పెరగడమే క్యాన్సర్. ఊపిరితిత్తి లోపలి వాయునాళాల్లో పుడితే అది ఊపిరితిత్తుల క్యాన్సర్. ఊపిరితిత్తిని కప్పి ఉంచే పొరలో పుడితే మీసోథీలియోమా. రెండోది అరుదైనది, పొగాకుతో సంబంధం లేనిది. అది కనిపిస్తే ఆస్బెస్టాస్ కోసం వెదకవలసిందే. మొదటిదానితోనే చిక్కు. ఆస్బెస్టాస్ వల్ల వచ్చిన ఊపిరితిత్తుల క్యాన్సర్‌నూ, చుట్ట, బీడీ వల్ల వచ్చినదానినీ సూక్ష్మదర్శిని కింద చూసి వేరు చేయడం సాధ్యం కాదు. రెంటి రూపమూ ఒక్కటే. కనుక లంకె తెలిసేది రోగి చేసిన పనుల చరిత్రతోనే.

లెక్కలు చెప్పిన నిజం

1955లో బ్రిటన్ శాస్త్రవేత్త రిచర్డ్ డాల్, రోచ్‌డేల్‌లోని ఆస్బెస్టాస్ నేత మిల్లులో 20 ఏళ్లకు పైగా పనిచేసిన 113 మంది పురుషుల వివరాలు పరిశీలించారు. సాధారణ జనాభా లెక్కన వారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు ఒకటికి లోపే ఉండాలి. 11 తేలాయి. ఈ ఫలితాలు ప్రచురణ కాకుండా చూడాలని మిల్లు యాజమాన్యం ప్రయత్నించినా ఫలించలేదు. 1960లో దక్షిణాఫ్రికాలో నీలం ఆస్బెస్టాస్ గనుల ప్రాంతం నుంచి 33 మీసోథీలియోమా కేసులను వైద్యులు ప్రకటించారు. వారిలో గనిలో అడుగుపెట్టని వారూ ఉన్నారు. 1965లో లండన్ ఆసుపత్రి రికార్డులను పరిశీలించినప్పుడు మరో విషాదం బయటపడింది. కర్మాగారం నుంచి వచ్చిన భర్తల దుస్తులు దులిపి ఉతికిన భార్యలకూ ఆ వ్యాధి సోకినట్లు తేలింది.

పొగాకు, ఆస్బెస్టాస్ కలిస్తే ఏమవుతుందన్నది డెల్టాకు మరీ ముఖ్యమైన ప్రశ్న. చుట్టకూ బీడీకీ ఇక్కడ కొదవ లేదు. 1979లో న్యూయార్క్ పరిశోధకులు హామండ్, సెలికాఫ్, సైడ్‌మన్ వెలువరించిన లెక్కలు దీనికి జవాబిస్తాయి. లక్ష మందిని ఏడాది పాటు గమనిస్తే, పొగ తాగని, ఆస్బెస్టాస్ ఎరుగని వారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు సుమారు 11. పొగ తాగకున్నా ఆస్బెస్టాస్ పనిచేసిన వారిలో 58. ఆస్బెస్టాస్ ఎరుగకున్నా పొగ తాగేవారిలో 123. రెండూ ఉన్నవారిలో 602. అంటే ముప్పులు ఒకదానికొకటి కూడడం లేదు, దాదాపుగా గుణించుకుంటున్నాయి. దీనికి మరో పార్శ్వం ఉంది. అమెరికాలో ఇదే వృత్తి కార్మికులపై 2013లో వెలువడిన అధ్యయనం ప్రకారం పొగ మానేసిన పదేళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాల రేటు సగానికి తగ్గింది. పీల్చిన పోగును వెనక్కు తీయడం ఎవరి తరమూ కాదు కానీ బీడీని మానడం చేతిలో పనే.

రేకు కింద నిద్రిస్తే వస్తుందా?

రేకుల ఇంట్లో ఉండే ప్రతివారినీ వేధించే సందేహమిది. భయపెట్టడం సులువే కానీ, నిజం చెప్పడం ముఖ్యం. రేకులో ఆస్బెస్టాస్ పదో వంతుకు మించదు. మిగిలినదంతా సిమెంటు, బూడిద వంటివే. పోగు సిమెంటులో బిగుసుకుని ఉంటుంది. పగుళ్లు లేని రేకు కింద నివసించేవారు పీల్చే మోతాదుకూ, కర్మాగారంలో సంచులు విప్పే కార్మికుడు పీల్చే మోతాదుకూ పోలిక లేదు. ముప్పు మోతాదును బట్టి ఉంటుంది. అయితే ఇంతకు తక్కువైతే ఏ హానీ లేదని గీత గీసి చెప్పగల మోతాదు ఇంతవరకూ తేలలేదు.

రేకును కదిలించినప్పుడే అసలు కథ మొదలవుతుంది. కరెంటు కట్టరుతో కోసినప్పుడు, హుక్కుల కోసం బెజ్జాలు వేసినప్పుడు, పాత రేకులను సుత్తితో పగులగొట్టినప్పుడు బిగుసుకుని ఉన్న పోగు విడివడి గాలిలో కలుస్తుంది. ఇంటి యజమానికి ఇది పదేళ్లకోసారి వచ్చే పని. రేకులు బిగించే కూలీకి రోజూ ఉండే పని. దశాబ్దాల పాటు ఎండకు ఎండి వానకు తడిసిన రేకు పైపొర కూడా క్రమంగా రాలుతుంది. పాచి తీయడానికి తీగ బ్రష్షుతో గీకడం అందుకే తగదు.

తుపానుల సంగతి వేరే చెప్పనక్కరలేదు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల సమీపంలో తీరం దాటింది. మరుసటేడు సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతాన్ని ముంచింది. ఇటువంటి ప్రతి విపత్తు తరువాత పగిలిన రేకుల తొలగింపు తప్పదు. ఆ ముక్కలను రోడ్డు గుంతలు పూడ్చడానికి వాడితే వాహనాల కింద నలిగి పొడి అవుతాయి. పిల్లలు ఆడుకునే చోట పోగులు పెట్టడమూ మంచిది కాదు. నీళ్లు చల్లి తడిపి, మరింత విరగకుండా తీసి, మందపాటి ప్లాస్టిక్ సంచుల్లో కట్టి పురపాలక సిబ్బందికి ఆస్బెస్టాస్ అని చెప్పి అప్పగించడం మేలు. పొడిగా ఊడ్చడం కన్నా తడిగుడ్డతో తుడవడమే క్షేమం.

ఆటోనగర్ గాలిలో..

ముప్పు అనగానే అందరి దృష్టీ రేకుల మీదికి పోతుంది కానీ విజయవాడకు ప్రత్యేకమైన మరో చోటు ఉంది. 1960ల్లో వెలసిన జవహర్ ఆటోనగర్ దేశంలోని పెద్ద వాహన మరమ్మతు కేంద్రాల్లో ఒకటి. లారీలు, బస్సుల బ్రేకు లైనర్లలో, క్లచ్చి ప్లేట్లలో దశాబ్దాల పాటు ఆస్బెస్టాస్ వాడారు. వేడికి తట్టుకోవడంలో దానికి సాటి లేకపోవడమే కారణం. కొన్ని లైనర్లలో సగం దాకా అదే ఉండేది.

ఇక్కడ ఒక తేడాను గమనించాలి. బ్రేకు పడినప్పుడు పుట్టే తీవ్రమైన వేడికి ఆస్బెస్టాస్‌లో అధిక భాగం వేరే ఖనిజంగా మారిపోతుంది. డ్రమ్ములో పేరుకున్న నల్లటి పొడిలో అసలు పోగు స్వల్పంగానే మిగులుతుంది. విదేశాల్లో మెకానిక్‌లపై జరిగిన అధ్యయనాల్లో ఈ కారణం వల్లనే ఏకాభిప్రాయం కుదరలేదు. కొత్త లైనరు సంగతి అలా కాదు. దానికి బెజ్జాలు వేసి రివిట్లు కొట్టేటప్పుడు, డ్రమ్ముకు సరిపడేలా గ్రైండరుపై అరగదీసేటప్పుడు లేచేది వేడి తగలని పచ్చి పోగు. చక్రం విప్పే మెకానిక్ కన్నా లైనర్లు బిగించే పనివాడికే ముప్పు ఎక్కువ. పక్కన నిలబడి పనిముట్లందించే కుర్రవాడూ ఆ గాలే పీలుస్తాడు. చిన్ననాట పీల్చినవారికి జబ్బు బయటపడటానికి ముందున్న ఆయుష్షు కూడా ఎక్కువే.

కంప్రెసరు గాలితో డ్రమ్మును ఊదే అలవాటు మాని తడిగుడ్డతో తుడిస్తే ధూళి లేవదు. నోటికి కట్టుకునే రుమాలు ఈ పోగును ఆపలేదు. ఆస్బెస్టాస్ లేని లైనర్లు బజారులో దొరుకుతున్నాయి. కొనేటప్పుడు పెట్టెపై ఆ విషయం రాసి ఉందో లేదో చూడాలి. పని దుస్తులను షెడ్డులోనే విప్పి, ఇంటి బట్టలతో కలపకుండా తడిపి ఉతకాలి. మిల్లుల్లో బాయిలరు తలుపులకు, ఆవిరి గొట్టాలకు ఆస్బెస్టాస్ తాడు, పూత వాడే పద్ధతి ఉండేది. ఆ పాత పూతను గీకి తీసేవారికీ ఇవే జాగ్రత్తలు వర్తిస్తాయి.

క్షయగా పొరబడితే..

ఆయాసం, పొడి దగ్గు, ఛాతీలో నొప్పి, బరువు తగ్గడం, కళ్లెలో రక్తం. ఈ లక్షణాలు చూడగానే ఎవరికైనా తొలుత తట్టేది క్షయే. క్షయ విస్తారంగా ఉన్న దేశంలో అలా అనుమానించడం సబబే. అయితే కళ్లె పరీక్షలో క్షయ క్రిములు కనిపించకపోయినా, మందులు వాడుతున్నా గుణం లేకపోయినా నెలల తరబడి వేచి ఉండటం క్యాన్సర్ రోగికి ప్రాణాంతకం. గొంతు బొంగురుపోయి మూడు వారాలైనా తగ్గకపోవడం, గోళ్ల చివర్లు ఉబ్బి గుండ్రబడటం కూడా నిర్లక్ష్యం చేయదగినవి కావు. ఎక్స్‌రేలో ఊపిరితిత్తి పొరపై సున్నపు పెచ్చుల్లాంటి మచ్చలు కనిపిస్తే అది ఆస్బెస్టాస్ పీల్చినదానికి బలమైన ఆనవాలు. సీటీ స్కాన్‌లో అవి మరింత స్పష్టంగా తెలుస్తాయి.

చట్టం ఉంది, కాగితమే లేదు

ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్యంపై అహ్మదాబాద్‌కు చెందిన వినియోగదారుల విద్యా పరిశోధన కేంద్రం వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1995 జనవరి 27న కీలక తీర్పు వెలువరించింది. ఆరోగ్యం కార్మికుని జీవించే హక్కులో అంతర్భాగమని స్పష్టం చేసింది. ప్రతి కార్మికుని ఆరోగ్య రికార్డును ఉద్యోగంలో చేరిన నాటి నుంచి 40 ఏళ్లు లేదా పని మానిన తరువాత 15 ఏళ్లు, ఏది తరువాత వస్తే అంతవరకు భద్రపరచాలని ఆదేశించింది. వ్యాధి నిర్ధారణ అయినవారికి లక్ష రూపాయల పరిహారం నిర్ణయించింది. ఆ 40 ఏళ్ల లెక్క ఊరికే వేసినది కాదు, వ్యాధి దాగి ఉండే కాలాన్ని చూసి వేసినది. ఆస్బెస్టాస్‌ను పూర్తిగా నిషేధించాలన్న మరో వ్యాజ్యాన్ని 2011 జనవరిలో తోసిపుచ్చుతూ, 1995 నాటి ఆదేశాలను తు.చ. తప్పక పాటించాలని ఇదే న్యాయస్థానం పేర్కొంది. ఐరోపా సమాఖ్య 2005లో, కెనడా 2018లో ఆస్బెస్టాస్‌ను నిషేధించాయి. తెల్ల ఆస్బెస్టాస్‌పై అమెరికా 2024లో నిషేధ ఉత్తర్వులిచ్చింది. భారత్‌లో అటువంటి నిషేధం లేదు.

పరిమితుల విషయమూ ఆలోచించదగినదే. ఫ్యాక్టరీల చట్టం కింద మన దేశం అనుసరిస్తూ వచ్చిన పరిమితి మిల్లీలీటరు గాలికి 1 పోగు. అమెరికాలో 1994 నుంచి అది 0.1. మిల్లీలీటరుకు 1 పోగు ఉన్న గాలిలో ఏడాది పనిచేస్తే దానిని ఒక పోగు-సంవత్సరంగా లెక్కిస్తారు. అటువంటివి 25 పూర్తయితే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు రెట్టింపవుతుందని 1997లో హెల్సింకీలో సమావేశమైన నిపుణులు నిర్ధారించారు. ఈ లెక్కన పరిమితిని పొల్లుపోకుండా పాటించిన కర్మాగారంలోనూ పాతికేళ్ల సర్వీసు పూర్తి చేసిన కార్మికుడు ఆ గీతను చేరగలడు.

ఆస్బెస్టాస్ వల్ల వచ్చే ఊపిరితిత్తుల క్యాన్సర్, మీసోథీలియోమా పరిహార చట్టపు జాబితాలో వృత్తి వ్యాధులుగా ఉన్నాయి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలోనూ అవి కొనసాగుతున్నాయి. కర్మాగారపు శాశ్వత కార్మికునికి ఈఎస్ఐ కార్డు, భవిష్య నిధి ఖాతా ఉంటాయి కనుక ఎక్కడ ఎన్నేళ్లు పనిచేశాడో చూపగలడు. పది మంది లోపు పనిచేసే ఆటోనగర్ షెడ్డులోని లైనరు పనివాడికి, ఊరూరా తిరిగి రేకులు బిగించే కూలీకి, కాంట్రాక్టరు కింద కూల్చివేత పనులు చేసేవారికి ఆ ఆధారమేదీ ఉండదు. ఎక్కువగా పీల్చే అవకాశం ఉన్నవారే రికార్డుకు ఎక్కనివారు కావడం ఇందులోని అసలు అన్యాయం.

ఆసుపత్రికి వెళ్లినప్పుడు ప్రస్తుతం చేస్తున్న పనే కాక, పదిహేనో ఏట నుంచి చేసిన పనులన్నీ వరుసగా, చోటు, ఏళ్ల లెక్కతో వైద్యునికి చెప్పి కేసు షీటులో రాయించుకోవాలి. గుణదల ఈఎస్ఐ ఆసుపత్రి అయినా, ప్రభుత్వ సర్వజనాసుపత్రి అయినా ఆ ఒక్క వాక్యం తరువాత పరిహారం కోరేటప్పుడు సాక్ష్యమవుతుంది. జీతపు చీటీలు, పాత గుర్తింపు కార్డులు, ఒకే షెడ్డులో పనిచేసిన తోటివారి వివరాలు దాచుకోవాలి. పాత ఎక్స్‌రే ఫిల్ములను పారవేయరాదు. పదేళ్ల కిందటి ఫిల్మును పక్కన పెట్టి చూసినప్పుడే మచ్చ కొత్తదో పాతదో, పెరుగుతున్నదో లేదో వైద్యునికి తెలుస్తుంది.